లెక్క రాసి ఇవ్వండి: రిటైర్డ్ జడ్జీల పెన్షన్ విషయమై హైకోర్టు కమిటీకి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జిల్లా న్యాయవ్యవస్థ సర్వీసు వ్యవహారాలు చూసే కమిటీ గౌరవ సభ్యులకు,

విజయనగరం నుంచి నమస్కారాలతో రాస్తున్నాను.

నేను జడ్జిని కాను, వకీలునీ కాను. సోంపేట కోర్టులో జూనియర్ అసిస్టెంటుగా చేరి, బొబ్బిలి, పార్వతీపురం, శ్రీకాకుళం తిరిగి, సూపరింటెండెంటుగా రిటైరైన వాణ్ని. చాలాకాలం ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు చూశాను. సర్వీసు రిజిస్టర్లు, ఎల్పీసీలు (చివరి జీతం సర్టిఫికెట్లు), పెన్షన్ ప్రపోజల్స్ నా చేతి మీదుగా వెళ్లేవి. ఆ పరిచయంతోనే, నేను పనిచేసిన కోర్టుల్లో ఒకప్పుడు బెంచి మీద కూర్చున్న జడ్జిగార్లు, వాళ్లు పోయాక వాళ్ల ఇల్లాళ్లు, ఇప్పటికీ కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. వాళ్ల తరఫున ఒక్క విన్నపం చేసుకోవడానికే ఈ లేఖ.

పెన్షన్ మళ్లీ లెక్క కట్టినప్పుడు ఆ లెక్కేమిటో కాగితం మీద రాసి, వాళ్లు అడగకముందే, ప్రతి రిటైర్డ్ జడ్జికీ ప్రతి ఫ్యామిలీ పెన్షనరుకీ పంపించే ఏర్పాటు చేయండి. వయసులో పెద్దవాళ్ల ఫైళ్లు ముందు తీయించండి.

పార్వతీపురం వైపు ఒక అమ్మగారున్నారు. ఎనభై దాటాయి. ఆవిడ భర్త మున్సిఫ్ మెజిస్ట్రేటుగా చేరి సబ్ జడ్జిగా రిటైరయ్యారు, ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ తెచ్చిన బ్యాంకు పాసుబుక్కు నేను చూశాను. నెలనెలా ఇంచుమించు ఒకే అంకె వస్తూ వస్తూ, ఒకచోట హఠాత్తుగా పెద్ద మొత్తం పడింది. కొన్ని నెలలకి మరో మొత్తం, మొదటిదాంట్లో సగం కూడా లేదు. ఆ తర్వాత నెలవారీ పెన్షన్ పెరిగింది, మళ్లీ ఒక నెల తగ్గింది, మళ్లీ పెరిగింది. వివరాలు రాసే గడిలో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, వెనకాల ఒక పొడవాటి నంబరు. అంతే. ఇది ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఎంత రావాలి, ఎంత పట్టుకున్నారు, ఇంకా ఎంత ఉంది అన్నది ఎక్కడా లేదు. సంబంధిత ఆఫీసుకి ఆవిడ మనవడు వెళ్తే “సిస్టమ్‌లో వచ్చిందే వేశాం” అన్నారట.

ఆవిడ నన్నడిగిన మాట ఇది. “బాబూ, వంద రూపాయల ప్రోనోటు దావా కొట్టేసినా ఎందుకు కొట్టేశారో మీ సారు నాలుగు పేజీలు రాసేవారు. నాకిచ్చిన డబ్బుకి ఒక్క ముక్క రాయలేదేమి?”

నా దగ్గర జవాబు లేదు. కారణాలు రాయని ఉత్తర్వు పైకోర్టులో నిలవదని మనందరికీ తెలుసు. ఒక మనిషి ముసలితనంలో బతకాల్సిన డబ్బు ఎంతో తేల్చే ఉత్తర్వు మాత్రం ఒక్క అంకెతో ముగిసిపోతోంది.

ఈ అంకె వెనక ఎంత పెద్ద వ్యాజ్యం నడిచిందో మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం క్లుప్తంగా రాస్తాను. కింది కోర్టుల జడ్జీల జీతాలు, సర్వీసు గురించి ఆలిండియా జడ్జెస్ అసోసియేషన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు మొదటి తీర్పు 1991లో వచ్చింది. జడ్జీలు రాజ్యం తరఫున న్యాయాధికారం నడిపేవాళ్లు, వాళ్ల సర్వీసును మామూలు ఉద్యోగుల సర్వీసుతో కలిపి చూడకూడదని 1993లో మళ్లీ చెప్పింది. తర్వాత జస్టిస్ శెట్టి కమిషన్, దాని మీద 2002 తీర్పు, ఆ తర్వాత జస్టిస్ పద్మనాభన్ కమిటీ. 2017లో మన తెలుగువారైన జస్టిస్ పి. వెంకటరామరెడ్డి అధ్యక్షతన రెండో జాతీయ న్యాయ వేతన సంఘం వేశారు. వారి నివేదిక 2020లో వచ్చింది. జీతాల సంగతి 2022 జులై 27న తేలింది, పెన్షన్ల సంగతి 2023 మే 19న తేలింది. కొత్త పెన్షన్ 2016 జనవరి 1 నుంచి వర్తిస్తుంది. 2023 జులై నుంచి నెలవారీగా ఇవ్వాలి, పాత బకాయిలో 25 శాతం 2023 ఆగస్టు చివరికి, మరో 25 శాతం అక్టోబరు చివరికి, మిగిలిన సగం డిసెంబరు చివరికి చెల్లించాలి. గడువులు అంత స్పష్టంగా పెట్టారు.

డిక్రీ తెచ్చుకోవడం ఒక ఎత్తు, ఈపీలో, అంటే డిక్రీ అమలు పిటిషన్‌లో, రాబట్టుకోవడం ఇంకో ఎత్తు అని కోర్టు ప్లీడర్లు అంటుంటారు. తీర్పులు అమలయ్యేలా చూడడానికి ప్రతి హైకోర్టులో ఒక కమిటీ వేయాలని సుప్రీంకోర్టు 2024 జనవరి 4న ఆదేశించింది. మీ కమిటీకి ఆధారం ఆ ఆదేశమే. అదే ఏడాది ఆగస్టులో చాలా రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులను కోర్టుకు పిలిపించాల్సి వచ్చింది. ముప్ఫై ఏళ్లకు పైగా నడిచిన కేసు, గెలిచినవాళ్లలో ఎంతోమంది గెలిచామని తెలియకుండానే పోయారు.

ఇప్పుడు లెక్క. బయట చాలామంది “2.81 రెట్లు పెంచారట” అనుకుంటున్నారు. నిజమే, పాత బేసిక్ పెన్షన్‌ను 2.81తో గుణించడమే దీని మూలం. కానీ ఆ మాట విన్నవాళ్లకి పెన్షన్ దాదాపు మూడింతలైందనిపిస్తుంది. అది తప్పు. ఒక ఉదాహరణ రాస్తాను. పాత స్కేలులో జూనియర్ సివిల్ జడ్జి మొదటి బేసిక్ 27,700 రూపాయలు. పెన్షన్ దాంట్లో సగం, 13,850. 2016 జనవరికి కరువు భృతి 125 శాతం నడుస్తోంది కాబట్టి రెండూ కలిపితే 31,162 చేతికొచ్చేది. కొత్త స్కేలులో ఆ బేసిక్ 77,840, సగం 38,920. పాత కరువు భృతి అందులో కలిసిపోయి, కొత్తది సున్నా నుంచి మొదలవుతుంది. అంటే ఆ నెల అసలు పెరిగింది 7,758 రూపాయలు, నూటికి పాతిక. ఫ్యామిలీ పెన్షన్ 30 శాతం కాబట్టి అదే బేసిక్ మీద భార్యకు 23,352 వస్తుంది.

ఇక్కడితో అయిపోతే ఎవరైనా వేసుకోగలరు. కానీ ఈ రెండో వేతన సంఘం సిఫారసు మీద 2018లో సుప్రీంకోర్టు 30 శాతం మధ్యంతర భృతి ఇమ్మంది, అది 2016 నుంచే లెక్క. దాన్ని బకాయిలోంచి తీసేయాలి. కమ్యూట్ చేసిన భాగం, అంటే రిటైరైనప్పుడు ముందే ఒకేసారి తీసుకున్న పెన్షన్ వాటా, ఎప్పటివరకు పట్టుకోవాలి, పదిహేనేళ్లు నిండాక ఎప్పుడు కలపాలి అన్నది మరొకటి. నేరుగా బార్ నుంచి, అంటే వకీళ్లుగా ఉండి, జిల్లా జడ్జిగా వచ్చినవాళ్లకు ప్రాక్టీసు చేసిన ఏళ్లలో పదేళ్ల దాకా పెన్షన్ సర్వీసుకు కలుస్తాయి. 75 ఏళ్లు నిండితే 10 శాతం అదనపు పెన్షన్, 80కి 20, 85కి 30, 90కి 40, 95కి 50, వందేళ్లకు నూటికి నూరు. ప్రతి ఆరు నెలలకీ కరువు భృతి మారుతుంది. 2016 జనవరి నుంచి 2023 జూన్ దాకా తొంభై నెలలు, ఒక్కో నెలకీ ఎంత రావాలి, ఎంత ఇచ్చారు, తేడా ఎంత అని వరసగా వేస్తేనే బకాయి తేలుతుంది. ఆఫీసుల్లో దాన్ని డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంట్ అంటాం. ఎవరి బిల్లు చేసినా ఆ స్టేట్‌మెంట్ ఎక్కడో ఒకచోట తయారయ్యే ఉంటుంది, అది లేకుండా బిల్లు పాసవదు. మేం అడిగేది ఆ కాగితమే. కొత్తగా కష్టపడి తయారు చేయమనడం లేదు, ఉన్నదాన్ని మనిషి చేతికివ్వమంటున్నాం. దాని మీద నాలుగు వాక్యాలు తెలుగులో రాసి పెడితే ఇంకా మేలు.

అది లేకపోతే తప్పు ఎక్కడ దొర్లిందో పట్టుకోలేం. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం వయసు దగ్గర జరుగుతున్నాయి. పాత పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) పుస్తకాల్లో జడ్జిగారి పుట్టిన తేదీ ఉంటుంది. భార్య పేరుంటుంది, ఫొటో ఉంటుంది, పుట్టిన తేదీ గడి మాత్రం ఖాళీ. అప్పట్లో ఆ గడి నింపాలని ఎవరికీ పట్టింపు లేదు. అదనపు పెన్షన్‌కి ఇప్పుడు ఆ తేదీయే కావాలి. ఉద్దానంలో, పాలకొండ పల్లెల్లో పుట్టి పెరిగిన ఆ తరం ఆడవాళ్లలో ఎస్సెల్సీ దాకా చదివినవాళ్లు ఎంతమంది? ఆధార్‌లో జనవరి 1 అని పడి ఉంటుంది, పాన్ కార్డులో ఇంకో తేదీ. ఒకావిడకి ఒక ఆఫీసులో ఆధార్ చాలదన్నారు, బర్త్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఎనభై ఏళ్ల కిందట పంచాయతీ రిజిస్టరులో రాయని పుట్టుకకి సర్టిఫికెట్ ఎక్కడి నుంచి తేవాలి? ఒక్క తేదీ తేలకపోవడం వల్ల ఏళ్ల తరబడి 20 శాతం పోతోంది. ఏ కాగితాలు సరిపోతాయో, అవేవీ లేకపోతే ఏ వరసలో చూడాలో మీరొక మాట రాసి పంపితే కింది ఆఫీసుల్లో ఎవరూ భయపడకుండా సంతకం పెడతారు. వాళ్లలో చాలామందికి కాదనాలని ఉండదు, రేపు ఆడిట్‌లో రికవరీ పడుతుందేమోనన్న టెన్షన్ అంతే. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని కాబట్టి నాకు తెలుసు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. శ్రీకాకుళంలో ఉన్న పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది, రాజాం విజయనగరంలోకి వచ్చింది. కాగితం ఒక జిల్లా పేరు మీద, మనిషి ఇంకో జిల్లాలో. దానికి ముందు 2014లో రాష్ట్రమే రెండైంది. తెలంగాణ జిల్లాల్లో కొంత సర్వీసు చేసి, ఉమ్మడి హైకోర్టు ఉన్న రోజుల్లో రిటైరై ఇక్కడ స్థిరపడ్డవాళ్ల రికార్డు కొంత హైదరాబాదులో, కొంత ఇక్కడ ఉంది. ఏ ఆఫీసుకి వెళ్లినా “అది మా దగ్గర లేదు” అనే జవాబు నిజమే అయి ఉండొచ్చు. కానీ ఆ ఫైలు తెప్పించుకోవాల్సింది ఆఫీసు. ఊపిరాడక నెబ్యులైజరు పెట్టుకునే మనిషి దాని కోసం ఎందుకు తిరగాలి?

2016 తర్వాత, డబ్బు రాకముందే పోయినవాళ్ల సంగతి ఇంకా బాధాకరం. వాళ్లు బతికున్నన్నాళ్ల బకాయి వారసులకు రావాలి. భార్య ఉంటే ఫర్వాలేదు. ఆవిడా పోయి ఉంటే పిల్లలు తహసీల్దారు ఆఫీసులో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీసుకుని, అందరి సంతకాలు పెట్టించి దరఖాస్తు చేయాలి. పిల్లలు ఒకరు హైదరాబాదు, ఒకరు బెంగళూరు, ఒకరు అమెరికా. తండ్రికి ఇలాంటి బకాయి ఒకటి రావాల్సి ఉందని చాలామందికి తెలియనే తెలియదు, చెప్పేవాళ్లు లేరు. అడగనివాళ్ల డబ్బు ఖజానాలో అలా ఉండిపోతుంది. అందుకే దరఖాస్తు కోసం చూడకుండా పంపించమని మొదట్లోనే రాశాను.

మా పెన్షనర్ల మీటింగులో ఒక రిటైర్డ్ టీచరుగారు నన్ను నిలదీశారు. “జడ్జీల గురించి మీకంత బాధెందుకండీ? మా పీఆర్సీ ఎరియర్స్ గురించి ఎవరు రాస్తారు?” అని. ఆయన అడగడంలో న్యాయం ఉంది. అందరి బకాయీ బకాయే. రాష్ట్ర పెన్షనరుగా నేనూ అదే వరసలో ఉన్నాను. అదనపు పెన్షన్ మాకు 70 ఏళ్ల నుంచే మొదలవుతుంది, జడ్జీలకు 75 నుంచి. కాబట్టి వాళ్లకేదో అన్నీ ఎక్కువని అనుకోనక్కర్లేదు. కానీ ఆయనకి నేను చెప్పిందొకటుంది. పెన్షన్ ప్రభుత్వం దయతో పెట్టేది కాదు, చేసిన సేవకి హక్కుగా వచ్చేదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మనం ఏటా పెన్షనర్ల దినం జరుపుకునేది ఆ తేదీనే. ఆ తీర్పుతో ఒకరికి దారి తెరుచుకుంటే వెనక అందరం నడిచాం. జడ్జీల పెన్షన్‌కే లెక్క చూపించని పద్ధతి కొనసాగితే రేపు టీచరుకి ఎవరు చూపిస్తారు?

ఇంకోటి కూడా చెప్పాను. మున్సిఫ్ కోర్టు జడ్జి బతుకు నేను దగ్గర నుంచి చూశాను. మూడేళ్లకో బదిలీ, పిల్లల చదువులు మూడు ఊళ్లలో. ఊళ్లో పెళ్లికి పిలిచినా వెళ్లరు, ఎవరితోనూ ఎక్కువ కలవరు. సాయంత్రం కట్టలు ఇంటికి మోయించుకుని రాత్రి తీర్పులు రాసుకునేవారు. సోంపేటలో కరెంటు పోతే లాంతరు పెట్టుకుని సాక్షుల వాంగ్మూలాలు దిద్దిన సారు నాకు తెలుసు. చేతినిండా అధికారం ఉన్నట్టు కనిపిస్తుంది, ఇంట్లో చూస్తే అద్దె ఇల్లు. రిటైరయ్యాక మధ్యవర్తిత్వాలకీ కమిషన్లకీ పిలుపు వచ్చేది పెద్ద ఊళ్లలో, పెద్ద పదవులు చేసినవాళ్లకి. పాతపట్నంలోనో సాలూరులోనో రిటైరైన సివిల్ జడ్జికి పెన్షనే ఆధారం. 2024 ఫిబ్రవరిలో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ చంద్రచూడ్ బెంచి మీదే ఈ మాట ఎత్తారు. ఏళ్ల తరబడి పనిచేసిన జిల్లా జడ్జీలకు నెలకు పంతొమ్మిది, ఇరవై వేలు పెన్షన్ వస్తుంటే ఎలా బతుకుతారని అడిగారు.

హైకోర్టు జడ్జీల విషయంలో లెక్క సులువైంది, దాన్ని చూసే మాకు ఆశ పుట్టింది. బార్ నుంచి వచ్చిన హైకోర్టు జడ్జీలకు పదేళ్ల ప్రాక్టీసు సర్వీసులో కలపాలని 2014లో తీర్పొచ్చింది. ఆ కేసు వేసింది రిటైర్డ్ న్యాయమూర్తి జస్టిస్ పి. రామకృష్ణంరాజు. 2025 మే 19న జస్టిస్ గవాయ్ ధర్మాసనం ఇంకా ముందుకెళ్లింది. ఎప్పుడు రిటైరైనా, బార్ నుంచి వచ్చినా జిల్లా కోర్టుల నుంచి వచ్చినా, అదనపు న్యాయమూర్తిగానే దిగిపోయినా, హైకోర్టు జడ్జికి పూర్తి పెన్షన్ ఏడాదికి 13 లక్షల 50 వేలు, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి 15 లక్షలు అని తేల్చేసింది. ఒక్క వాక్యంలో ఎవరికెంతో తెలిసిపోతుంది. జిల్లా న్యాయవ్యవస్థలో స్థాయిలు, ఇంక్రిమెంట్లు ఎక్కువ కాబట్టి అలా ఒక్క అంకె పెట్టలేరని నాకూ తెలుసు. అలాంటప్పుడే కదా లెక్క కాగితం అవసరం.

ఆలస్యానికి వడ్డీ సంగతి కూడా మీ దృష్టికి తెస్తున్నాను. 2020 మార్చిలో కొవిడ్ మొదలైనప్పుడు మన రాష్ట్రంలో జీతాలు, పెన్షన్లలో కొంత భాగం వాయిదా వేశారు. దాని మీద హైకోర్టుకు వెళ్లింది ఒక మాజీ జిల్లా సెషన్స్ జడ్జే. జీతం, పెన్షన్ హక్కుగా రావాల్సినవి, ఆలస్యం చేస్తే వడ్డీ ఇవ్వాలని హైకోర్టు 12 శాతం అంది, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని 6 శాతం చేసి ఖాయం చేసింది. ఆ ఫలితం అందరు ఉద్యోగులకీ, పెన్షనర్లకీ దక్కింది. ఇప్పుడు 2023 డిసెంబరు గడువు దాటి చెల్లించిన, ఇంకా చెల్లించాల్సిన బకాయిలకు అదే సూత్రం వర్తింపజేయమని మీరు సిఫారసు చేయగలరు. ఇందుకోసం ఎనభై ఏళ్ల మనిషి మళ్లీ రిట్ వేయాల్సిన అవసరం రాకూడదు. జీవితమంతా ఇతరుల వ్యాజ్యాలు తెగ్గొట్టిన మనిషిని పిటిషనరు నంబరు ఒకటిగా చూడడం నాకు కష్టంగా ఉంది.

మీ కమిటీలో రిటైర్డ్ జిల్లా జడ్జి ఒకరు నోడల్ అధికారిగా రోజువారీ ఫిర్యాదులు చూడాలని సుప్రీంకోర్టు ఆదేశంలోనే ఉంది. ఆ అధికారి ఫోన్ నంబరు, చిరునామా మా జిల్లాల్లో ఎవరినడిగినా చెప్పేలా ఉండాలి. కోర్టు నోటీసు బోర్డుల మీద, ట్రెజరీల్లో, బ్యాంకుల్లో తెలుగులో అంటించండి. ఇచ్ఛాపురం నుంచి అమరావతి వెళ్లి రావాలంటే రానుపోను రెండు రాత్రులు రైల్లో. గుండె ఆపరేషన్ అయినవాళ్లు ఆ ప్రయాణం చేయలేరు.

అందుకని ఏడాదికొకసారైనా శ్రీకాకుళంలో, విజయనగరంలో జిల్లా కోర్టు ఆవరణలో ఒక పూట నోడల్ అధికారి కూర్చునే ఏర్పాటు చేయండి. ట్రెజరీ నుంచి ఒకరు, అకౌంటెంట్ జనరల్ ఆఫీసు నుంచి ఒకరు పక్కన ఉంటే సగం కేసులు అక్కడికక్కడే తేలిపోతాయి. లెక్క కాగితంలో ఏ ఏడాది బకాయి ఎంతో విడిగా చూపించమని చెప్పండి. పాత ఏళ్ల డబ్బు ఒకేసారి పడినప్పుడు ఆదాయపు పన్ను రిలీఫ్ అడగాలంటే అది కావాలి. లేకపోతే ఎప్పుడో రావాల్సిన డబ్బుకి ఇప్పటి శ్లాబు ప్రకారం పన్ను కట్టి ఊరుకుంటున్నారు.

మా వంతు పని మేం చేస్తాం. ఈ ప్రాంతంలో ఉన్న రిటైర్డ్ జడ్జీలు, వాళ్ల కుటుంబాల వివరాలు, పీపీవో నంబర్లు, వయసులు వాళ్ల అనుమతితో రాసి పెట్టడానికి నాతో పాటు రిటైరైన కోర్టు స్టాఫ్ కొందరు సిద్ధంగా ఉన్నారు. తేదీ చెబితే కుర్చీలు, బల్లలు మేమే వేయిస్తాం. కదల్లేని వాళ్ల ఇళ్లకు వెళ్లి కాగితాలు తెస్తాం. 85 దాటిన ఫ్యామిలీ పెన్షనర్ల జాబితా ముందుగా కావాలంటే నెల రోజుల్లో పంపగలం, ఎవరికి పంపాలో మాత్రం తెలియజేయండి.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ కోర్టు సూపరింటెండెంటు,
విజయనగరం